దుకాణానికీ మనిషికీ మధ్య

చిక్కడపల్లి నుంచి విద్యానగర్ దాకా నా పేరు వింటే వణకని దయ్యం లేదని ఒకప్పుడు నేనే చెప్పుకునేవాణ్ణి. నేను వెళ్లగొట్టినవాటిని వరసగా నిలబెడితే క్రాస్ రోడ్స్ సినిమా హాళ్లలో మొదటి ఆట టికెట్ల లైను కన్నా పొడుగు ఉంటుందని కూడా అన్నాను, అదీ మైకులో. ఇప్పుడు రిటైరయ్యాను. ప్రార్థన కూడికలకు జనాన్ని రప్పించే బాధ్యత నా మీద లేదు కాబట్టి నిజం చెబుతాను. ఇది కచ్చితంగా దయ్యమే అని ప్రమాణం చేయగలిగింది ఒక్కటీ లేదు. ఒకటి రెండు అయ్యుండొచ్చు. మిగిలినవి జ్వరాలు, ఫిట్లు, అత్తాకోడళ్ల తగువులు, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉద్యోగ పరీక్షలకు చదివి చదివి నిద్ర పోగొట్టుకున్న పిల్లల భయాలు.

సైతాను లేడని నేను అనడం లేదు. ఉన్నాడు. పాస్టరుగా నా సర్వీసంతా వాడితోనే గడిచింది. అయితే వాడు ఎక్కడ కూర్చుంటాడో తెలుసుకోవడానికే అందులో సగం పోయింది.

సెమినరీలో పాస్టరు చదువు ముగించుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. కాఫీ తాగి, "అయ్యగారూ, ఆత్మీయ యుద్ధంలో మీ అనుభవాలు చెప్పండి" అంటారు. వాళ్ల కళ్లలో మెరుపు చూస్తే ఏం కావాలో తెలిసిపోతుంది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి కావాలి, గాల్లోకి లేచిన కుర్చీ కావాలి. అలాంటివి నా దగ్గర ఉన్నాయి. కొన్ని నేను స్వయంగా తయారు చేసినవే. ఇక్కడ మాత్రం కుర్మయ్య అనే ఒక్క మనిషి గురించి రాస్తాను. అతను తాగుడు మానగలడా లేదా అన్నదే ఇందులో కథంతా. నా ఉద్యోగం ఏమిటో నాకు తెలిసింది అతని వల్లే.

మైకు ఎవరికోసం

మా మందిరం చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక జిరాక్స్ షాపు మీది అంతస్తు. ఇల్లు నర్సింగరావు గారిది, వాళ్లు ఉండేది షాపు వెనక గదుల్లో. తాతల నాటి నుంచి ఆ సందులోనే ఉన్న కుటుంబం. పూజ కానిదే చాయ్ ముట్టని మనిషి. మేం క్రైస్తవులమని తెలిసే ఇల్లు కిరాయికి ఇచ్చారు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉండేది. యాభై మంది కూర్చుంటే నిండిపోయే హాలుకు, మైదానానికి సరిపోయే స్పీకర్లు పెట్టించాను. ఒక శుక్రవారం నర్సింగరావు గారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"పాస్టర్ సాబ్, జర ఒక మాట. మీ దేవునికి చెవుడా?"

"లేదండీ."

"మరి సైతానుకు?"

"వాడికీ లేదు."

"మరి ఎవరికోసం ఒర్లుతున్నరు? కింద మా కోడలు పరీక్షకు చదువుతున్నది. నాకు బీపీ. వాళ్లిద్దరికీ లేని చెవుడు మాకు వచ్చేటట్టున్నది."

జవాబు లేనప్పుడు నేను చేసే పనే చేశాను. ఆయన దిగిపోగానే, శత్రువు ఇంటి ఓనరు రూపంలో వచ్చాడని సంఘానికి చెప్పి, ఆయన కోసం ఇంకాస్త గట్టిగా ప్రార్థన చేయించాను.

అప్పట్లో ఆత్మీయ యుద్ధమంటే నాకు గొంతు. సైతానును ఎదిరించడానికి బైబిలు తొడుక్కోమనే సర్వాంగ కవచం మీద వారాల తరబడి ప్రసంగించాను. అట్టతో శిరస్త్రాణం చేయించి, వెండి కాగితం అతికించి, నెత్తిన పెట్టుకుని మరీ చెప్పాను. జనం కళ్లు తుడుచుకున్నారని చాలాచోట్ల చెప్పుకున్నాను. తుడుచుకున్న మాట నిజమే. నవ్వు ఆపుకోలేక.

మాసమ్మ పిలిచిన ఆటో

కుర్మయ్యది పాలమూరు వైపు పల్లె. సెంట్రింగ్ పని చేసేవాడు, అంటే శ్లాబు వేసేముందు కింద చెక్కలూ కర్రలూ బిగించే పని. భార్య మాసమ్మ అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో గిన్నెలు తోమేది. ఇద్దరూ అక్కడి మురుగు నాలా పక్క బస్తీలో రేకుల గదిలో ఉండేవాళ్లు. పిల్లలు పుట్టి నిలవలేదు. కుర్మయ్య కల్లుతో మొదలుపెట్టి, పట్నం వచ్చాక వైన్‌షాపుకు అలవాటుపడ్డాడు. నేను చూసేనాటికి పొద్దున లేవగానే ఒక గుక్క పడితే తప్ప చెయ్యి నిలిచేది కాదు.

మాసమ్మ ముందు ఒక్కతే వచ్చేది. ఒక శుక్రవారం అతన్ని చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. ఆ రోజు నా ప్రసంగం బ్రహ్మాండంగా ఉందని నాకు గుర్తు. కుర్మయ్యకు మాత్రం ఏమీ గుర్తులేదట. తర్వాత ఎప్పుడో అడిగితే, "ఫ్యాను కింద కూసున్న అయ్యా, సల్లగుండె" అన్నాడు. ఏదేమైనా చివర్లో లేచి ముందుకు వచ్చి, "ఇగ తాగనయ్యా" అన్నాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఇక్కడే పుట్టింది, పుట్టించింది నేనే. తాగుడు విడిచినవాడు తన దగ్గరున్న సీసాను అందరి ముందు మోరీలో ఒంపేయాలి. ఆ తర్వాత ఇంటికి పోకుండా ఆదివారం ఆరాధన దాకా మందిరంలోనే ఉపవాసం ఉండాలి. సంఘం వంతులవారీగా వచ్చి పక్కన కూర్చుని ప్రార్థిస్తుంది. అలా కూర్చోబెడితే శత్రువుకు ఆకలేసి వెళ్లిపోతాడని నా సిద్ధాంతం.

కుర్మయ్య సీసా ఒంపేశాడు. చప్పట్లు కొట్టాం.

శనివారం మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమట, వణుకు. గోడమీద పురుగులు పాకుతున్నాయని ఏరి ఏరి పారేస్తున్నాడు. గోడ శుభ్రంగా ఉంది. మాసమ్మను చూసి "ఎవరివే నువ్వు" అన్నాడు. దాచడం దేనికి, నాకు సంతోషం కలిగింది. ఇన్నాళ్లకు అసలైనది దొరికిందనుకున్నాను. నూనె తెచ్చాను, మైకు పెట్టాను. నలుగురు మగవాళ్లు చేతులూ కాళ్లూ పట్టుకున్నారు. "పేరు చెప్పు! నీ పేరేంటో చెప్పు!" అని అతని మొహంలో మొహం పెట్టి అరిచాను.

"కుర్మయ్య" అన్నాడు అతను. ఏడుస్తున్నాడు.

నేను ఇంకా గట్టిగా అరిచాను. అప్పుడు మాసమ్మ నా చేతిలో మైకు లాక్కుని కింద పెట్టింది.

"అయ్యగారూ, దయ్యమైతే మీరు చూస్కోండ్రి. మనిషైతే నాకియ్యుండ్రి. నేను దవాఖానకు తీస్కపోత."

"మాసమ్మా, విశ్వాసం..."

"విశ్వాసం నాకున్నది, అయ్యా. ఆటో గూడ కావాలె."

సర్కారు దవాఖానలో డాక్టరు నా తెల్లచొక్కానూ చేతిలోని నూనె సీసానూ చూశాడు. కుర్రవాడు, అలిసిపోయి ఉన్నాడు.

"ఎన్నేండ్ల నుంచి తాగుతున్నడు?"

మాసమ్మ చెప్పింది.

"గట్లాంటోన్ని ఒక్కసారి మాన్పిస్తే పాణం పోతది. దవాఖానల పెట్టి, మందులిచ్చుకుంట మాన్పియ్యాలె. మీరేమో అన్నం కూడ పెట్టలేదంటున్నరు. ఎవరు చెప్పిన్రు మీకు ఇట్ల చెయ్యుమని?"

దేవుడు చెప్పాడని అనబోయాను. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"మరి ఇది దయ్యం కాదంటారా డాక్టరు గారూ?"

"పేరు మీకు ఇష్టమున్నది పెట్టుకోండి పెద్దాయనా. సెలైన్ మాత్రం పీకకండి."

కుర్మయ్య బతికాడు. తమ్ముళ్లూ, ఇక్కడ నేను నిష్ఠూరంగా ఒక మాట చెబుతాను, కోపం వచ్చినా సరే. మన పనిలో శత్రువు చేతికి మనమే ఆయుధం అందించే రోజులు ఉంటాయి. ఆ శనివారం కుర్మయ్యకు ఆపద ఎవరి వల్ల వచ్చిందో నాకు తెలుసు. మైకు పట్టుకున్నది నేను. వ్యాధిగ్రస్తుణ్ణి ముందు వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. ప్రార్థన ఆటోలో కూడా చేయొచ్చు. మాసమ్మ అలాగే చేసింది.

పెద్దయ్యగారి ప్రశ్న

మా పాస్టర్లందరికీ పైన యేసురత్నం అయ్యగారని ఒక పెద్దాయన ఉండేవారు, నారాయణగూడలో. సన్నటి మనిషి, కోస్తా నుంచి వచ్చినవారు. ఆయన దగ్గర నాకు పొగడ్త ఎప్పుడూ దొరకలేదు. పొగిడారని నా భార్యతో చెప్పేవాణ్ణి. ఆవిడ నమ్మేది కాదు.

జరిగింది చెప్పడానికి వెళ్లాను. ముందు నా నోటి అలవాటు ప్రకారం నాకు అనుకూలంగా చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ విన్నారు. రెండోసారి ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడు కళ్లజోడు పెట్టుకున్నారు.

"అతను దవాఖాన నుంచి వచ్చాక మళ్లీ పనిలోకి పోతాడా?"

"పోకపోతే ఎట్లా గడుస్తుందండీ?"

"సాయంత్రం ఏ దారిన ఇంటికి వెళతాడు?"

నాకు తెలియదు.

"ఇరవై నాలుగు గంటలూ యుద్ధం యుద్ధం అంటావు. యుద్ధం ఎక్కడ జరుగుతోందో తెలియదా నీకు?"

ఆయన అంతటితో వదల్లేదు.

"నువ్వు ప్రసంగించే ఆ కవచం గురించి సంకెళ్లలో ఉన్న అపొస్తలుడు సంఘానికి రాసింది, మీరు బలంగా ఉండండి అని కాదయ్యా. ప్రభువు బలంతో ఉండమని. తన దగ్గర బలం లేదని తెలిసినవాడే దాన్ని అడుగుతాడు. నీ దగ్గర బోలెడు ఉన్నట్టుంది. స్పీకర్లు కూడా కొన్నావట. నువ్వెందుకు అడుగుతావు?"

మెట్లు దిగుతుంటే నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఆ సాయంత్రమే మాసమ్మను అడిగి తెలుసుకుని నారాయణగూడ చౌరస్తాలో కూలీల అడ్డాకు వెళ్లాను. కుర్మయ్య ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. దారి చూడ్డానికి వెళ్లాను.

వైన్‌షాపు వైపు నేను

పొద్దున అడ్డా మీద కూలీలను ఎక్కించుకున్న ట్రాలీ ఆటో సాయంత్రం మళ్లీ అక్కడే దింపుతుంది. కూలి అక్కడే చేతిలో పడుతుంది. అక్కడి నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ నాలా దాకా నడక. మెయిన్ రోడ్డు మీద, సరిగ్గా కాళ్లు నొప్పెట్టే చోట, వైన్‌షాపు. పక్కనే నిలబడి తాగడానికి గది. కుర్మయ్య ఇంటికి పోవాలంటే దాని ముందునుంచే పోవాలి. సందుల్లోంచి చుట్టూ తిరిగినా చివర్లో ఇంకొకటి వస్తుంది.

దవాఖాన నుంచి వచ్చి పనిలో చేరిన రోజున అడ్డా దగ్గర నన్ను చూసి తెల్లబోయాడు.

"అయ్యా, మీరెందుకొచ్చిన్రు?"

"నీతో నడవడానికి."

"ప్రార్థన చేస్తరా?"

"నడుస్తాను. ప్రార్థన నువ్వు చెయ్యి."

చిక్కడపల్లిలోకి వస్తుండగా దూరంగా వైన్‌షాపు బోర్డు దీపాలు కనబడ్డాయి. అతను ఆగిపోయాడు.

"అయ్యా, మీరు జర ఆ దిక్కు నడువుండ్రి. దుకాణం దిక్కు. నేను ఇవతల నడుస్త."

నేను అటు మారాను. లావు మనిషిని, అది అప్పుడు పనికొచ్చింది. దుకాణానికీ కుర్మయ్యకూ మధ్య నా పొట్టను అడ్డం పెట్టుకుని నడిచాం. అతను తల వంచి, పెదాలు కదుపుతూ నడిచాడు. దాటాక వచ్చే చాయ్ బండి దగ్గర ఆగి చెరో చాయ్ తాగాం.

అలా నడవడం మొదలైంది. రోజూ సాయంత్రం వైన్‌షాపు పక్కన పాస్టరు కనబడుతున్నాడని సందులో మాట పుట్టింది. మా సంఘపెద్ద సాల్మన్ గారు వచ్చి, "అయ్యగారూ, మీమీద నాకు అనుమానం లేదు. కానీ మీరు అక్కడ ఆగి చెమట తుడుచుకోవడం బాగాలేదు" అన్నారు. నర్సింగరావు గారు మాత్రం ఒక సాయంత్రం అటుగా వస్తూ మమ్మల్నిద్దర్నీ చూశారు. కుర్మయ్యను చూశారు, దుకాణాన్ని చూశారు, ఎవరు ఎటువైపు నడుస్తున్నారో చూశారు.

"ఇప్పుడు మైకు లేదేంది పాస్టర్ సాబ్?"

"అవసరం పడలేదండీ."

"మంచిగున్నది" అని వెళ్లిపోయారు.

నేను చెప్పిన కుర్మయ్య

కొన్ని నెలలు బాగా గడిచాయి. అప్పుడు రాంనగర్‌లో కొన్ని సంఘాలు కలిసి ఒక కూడిక పెట్టాయి. పెద్ద స్టేజీ, దీపాలు. సాక్ష్యం చెప్పడానికి మనిషి కావాలన్నారు. నేను కుర్మయ్యను తీసుకుపోయాను.

మా వృత్తిలో మాత్రమే సాధ్యమయ్యే తప్పు ఇది. ఇంకా యుద్ధం మధ్యలో ఉన్నవాణ్ణి తెచ్చి, గెలిచేశాడని స్టేజీ మీద చూపిస్తాం. జనానికి ధైర్యం వస్తుంది, కానుకలు వస్తాయి, మనకు పేరు వస్తుంది. ఆ మనిషికి ఏం వస్తుందో ఎవరూ చూడరు.

మైకు నా చేతిలోకి వచ్చింది. కుర్మయ్యను డాక్టర్లు చేతులెత్తేసిన మనిషిగా చేశాను. ఒక్క ప్రార్థనతో లేచి కూర్చున్నాడన్నాను. ఇప్పుడు మందు వాసన తగిలితే వాంతి చేసుకుంటాడన్నాను. ఆటో లేదు, సెలైన్ లేదు, మాసమ్మ లేదు. జనం లేచి నిలబడ్డారు. మైకు కుర్మయ్యకు ఇస్తే అతను నా మొహం చూసి, "అవును" అన్నాడు.

మర్నాటి సాయంత్రం అడ్డా దగ్గర కుర్మయ్య లేడు.

వైన్‌షాపు పక్క గదిలో ఉన్నాడు. మాసమ్మ నాకంటే ముందే వచ్చి గడప బయట కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"నిన్న ఆటో సంగతి చెప్పలే మీరు."

నేనూ గడప బయట కూలబడ్డాను.

"ఆటో పిలిచింది నేను. దవాఖానల కింద పండుకున్నది నేను. నా పేరు ఎత్తకున్నా మంచిదే. ఆ డాక్టరు పిలగాడు చేతులెత్తలే అయ్యా, చేతులు పెట్టిండు. ఆ మాటన్నా చెప్పొద్దా?"

తర్వాత కుర్మయ్య చాలా రోజులు నాకు ఎదురుపడలేదు. మళ్లీ దవాఖానలో పడ్డాడు, అప్పుడే లివరు చెడిందని చెప్పారు. మంచం పక్కన కూర్చుని, "ఎందుకు తాగావు?" అని అడిగాను. మందలించడానికి అడగలేదు, నాకు నిజంగా అర్థం కాలేదు.

పైకప్పు చూస్తూ చెప్పాడు. "మీరు చెప్పిన కుర్మయ్య నేను గాదయ్యా. ఆయన ఎవరో పెద్దోడు. ఆయనకు వాసనొస్తే వాంతొస్తదంట. నాకు వాసనొస్తే నోరూరుతది. గంత మంది చప్పట్లు కొట్టినంక, ఆయన లెక్క ఉండుడు నాతోని కాదని సమజయింది. ఇగ తాగకుంట ఉండి లాభమేందని పోయిన."

నా నోరు ఎన్నో కథలు పెంచింది. ఆ కథల్లో ఒకటి మనిషి మీద పడి అతన్ని నలిపేయడం అప్పుడే చూశాను. యేసురత్నం అయ్యగారికి చెబితే ఆయన తిట్టలేదు. "స్పీకర్లు అమ్మెయ్యి" అన్నారు. అమ్మేశాను. అన్నీ అనను, ఒకటి ఉంచుకున్నాను. ఆదివారం బడి పిల్లల పాటలకు.

చల్లారిన చాయ్

మళ్లీ నడక మొదలుపెట్టాం. ఇప్పుడు కుర్మయ్య బరువు పని చేయలేడు. ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌కు తోడుగా పగలు కూర్చునేవాడు. అయినా దారి అదే, దుకాణం అదే. మధ్యలో ఇంకోసారి పడ్డాడు. లేచాడు. ప్రతిసారీ మొదటినుంచి.

నేను ఒక్క సాయంత్రం కూడా మానకుండా నడిచానని మా వాళ్లకు చెబుతుంటాను. వానాకాలంలో మోకాళ్ల నొప్పితో చాలాసార్లు మానాను. అది క్షమించదగిందే. ఒక సాయంత్రం నొప్పి లేదు, టీవీలో క్రికెట్ ఉంది. చివరి ఓవర్లు. ఇంకో బంతి, ఇంకో బంతి అనుకుంటూ కూర్చున్నాను. లేచేసరికి బయట దీపాలు వెలిగాయి. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాను. ముందు వైన్‌షాపు పక్క గదిలోకి తొంగిచూశాను. ఎవరెవరో ఉన్నారు, కుర్మయ్య లేడు. ముందుకు పోయాను.

చాయ్ బండి దగ్గర ఉన్నాడు. ముందు రెండు గ్లాసులు, రెండూ ఖాళీ.

"మీకూ ఒకటి చెప్పిన అయ్యా. సల్లారుతున్నదని నేనే తాగిన."

"ఎట్లా దాటావు? ఒక్కడివే?"

ఖాళీ గ్లాసులు రెండూ బండివాడికి అందించాడు.

"దాటలే అయ్యా. ఆడ్నే నిలవడ్డ, శానసేపు. కాళ్లు అటే పోతున్నయి. నాతోని కాదు దేవా, అయ్యగారు గూడ రాలే, ఇగ నువ్వే రా అన్న. ఇంకేం చెప్పాల్నో తెల్వక గదే చెప్పుకుంట నిలవడ్డ. జరసేపైనంక చూస్తే ఈడున్న."

"ఏమైనా కనబడిందా? వెలుగు లాంటిది?" అని అడిగాను. అలవాటు ఎక్కడికి పోతుంది.

"బండి దీపం కనవడ్డది" అన్నాడు.

తమ్ముళ్లూ, కవచం మీద నేను వారాల తరబడి చెప్పిందంతా మర్చిపోండి. వాక్యం ఆ భాగంలో మళ్లీ మళ్లీ అడిగేది నిలబడమనే. కుర్మయ్య నిలబడ్డాడు. నా బలంతో కాదు, నేను ఇంట్లో టీవీ ముందు ఉన్నాను. అతని సొంత బలంతోనూ కాదు, అది అయిపోయిందని అతనే చెప్పాడు. మరి ఎవరిది? ఆ సాయంత్రం తర్వాత నేను ఆ ప్రశ్నను మైకులో అడగలేదు. చీకట్లో తలుపు నెడుతుంటే అవతలినుంచి ఎవరో పట్టి లాగినట్టు ఉంటుంది కదా, అలాంటిదేదో జరిగిందని మాత్రం నమ్ముతున్నాను.

అప్పటినుంచి అతను మళ్లీ తాగలేదు. ఈ మాటలో పెంపు లేదు, మాసమ్మను అడగండి.

పెట్టె మూయకముందు

లివరు మాత్రం కోలుకోలేదు. అది చెడిందని రెండోసారి దవాఖానలో పడ్డనాడే తెలుసు. పొట్ట ఉబ్బింది, కళ్లు పచ్చబడ్డాయి. స్వస్థత కోసం ప్రార్థించాం, నేను చాలా గట్టిగానే ప్రార్థించాను. స్వస్థత రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. తెలుసని చెప్పే పాస్టర్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. కుర్మయ్య ఒక మధ్యాహ్నం, మాసమ్మ హాస్టల్ నుంచి తెచ్చిన చారు రెండు చెంచాలు తాగి, గోడవైపు తిరిగి పోయాడు.

పల్లెనుంచి చుట్టాలొచ్చారు. సంఘం నుంచి మేము వెళ్లాం. రేకుల గది ముందు సందులో పెట్టె పెట్టాం. పాట పాడాం. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి, "చాలాసార్లు పడ్డాడు. చివర్లో తాగకుండా పోయాడు" అని కూర్చున్నాను. నా సర్వీసులో అంత చిన్న ప్రసంగం లేదు.

పెట్టె మూయబోతుండగా కుర్మయ్య తమ్ముడు నర్సిములు ముందుకొచ్చాడు. నడుం దగ్గరినుంచి ఒక చిన్న సీసా తీశాడు. వాళ్ల పల్లెలో పోయినవాళ్ల నోట్లో వాళ్లకు ఇష్టమైన చుక్క పోసి సాగనంపుతారు. నర్సిములు ఏడుస్తున్నాడు, అతని మనసులో చెడు లేదు.

"అన్నకు ఇష్టం వదినె. ఒక్క సుక్క. పొయ్యకుంటే పాణం తిరుగుతది."

మాసమ్మ పెట్టె అంచు పట్టుకుని నిలబడింది.

"పొయ్యొద్దు నర్సిములు."

"ఇప్పుడేమైతది వదినె? పోయిండు కదా."

"రోజు దాటిండు. పొద్దుమూకితె కాళ్లు వణుక్కుంట దాటిండు. ఇయ్యాల లేవరాకుంట పండుకున్నడని పట్టి తాపుతవా? దేవుడు లేపితె లేచి నిలవడే దినం అడుగు, ఏం చెప్తడో విను."

చుట్టాల్లో ఒకామె, "పొయ్యనియ్యి మాసమ్మా, ఆచారం" అంది. ఇంకొకడు నర్సిములును ముందుకు నెట్టాడు. మాసమ్మ మొహం చూశాను. బక్కపలచటి మనిషి, అప్పటికి ఏమీ తినలేదు. నిలబడ్డానికి కూడా ఓపిక లేదు. పెదాలు కదులుతున్నాయి. ఆమె ఏమంటోందో వినబడలేదు గాని, కుర్మయ్య పెదాలు కదిలినట్టే కదిలాయి.

తర్వాత నావైపు తిరిగింది.

"అయ్యగారూ, జర ఆ దిక్కు నిలవడుండ్రి."

నేను లేచి వెళ్లి సీసాకూ పెట్టెకూ మధ్య నిలబడ్డాను. కాసేపటికి నర్సిములు సీసా మళ్లీ నడుం దగ్గర దోపుకున్నాడు. మేకులు కొట్టారు.

నారాయణగూడ సమాధుల తోటకు మోసుకుంటూ బయల్దేరాం. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి మీదుగా, రోజూ మేం వచ్చిన దారినే ఎదురు నడిచాం. మా మందిరం సందు మొగలో నర్సింగరావు గారు చెప్పులు విడిచి చేతులు జోడించి నిలబడ్డారు. చాయ్ బండి వచ్చింది. ఆ తర్వాత ఆ బోర్డు కనబడింది. సాయంత్రమైంది, దుకాణం ముందు జనం మూగి ఉన్నారు. నర్సిములు ముందు భుజం పట్టి మోస్తున్నాడు, నడుం దగ్గర సీసా అలాగే ఉంది.

పోయినవాడు తాగడని నాకు తెలుసు. అయినా పెట్టెకు అటువైపు మారి, దుకాణం దాటేదాకా ఆ దిక్కునే నడిచాను.